మామ్మ చెప్పిన చరిత్ర

కంచరపాలెములో నొక వృద్ధురాలిని "మామ్మా, నీ పెండ్లి యే సంవత్సరమున జరిగినది?" అని యడిగినచో "ఏమో తల్లీ!" యనును. "ఉక్కు కర్మాగారమునకై 1966లో ఉద్యమము జరిగెనే, దానికి ముందా, వెనుకా?" అన్నచో కథ యంతయు చెప్పును. ఊరి చరిత్ర యిట్టివారి నోళ్లలో నున్నది. 1933లో విశాఖ యోడరేవు ప్రారంభమైన సంగతియు, 1942 ఏప్రిలు 6న జపానువారి బాంబులు పడిన సంగతియు గ్రంథములలో గలవు. ఆ దినమున తల్లులు పిల్లలనెత్తుకొని యెచ్చటికి పోయిరో, ఏమి వండిపెట్టిరో వానిలో అరుదుగా కానవచ్చును. చెప్పగలవారు ఏటేట తగ్గిపోవుచున్నారు.

ఈ పని స్త్రీలకు క్రొత్త కాదు. స్త్రీశక్తి సంఘటన సభ్యురాండ్రు తెలంగాణ సాయుధపోరాటమున పాల్గొన్న స్త్రీలను కలిసికొని, వారి మాటలు సేకరించి, 1986లో "మనకు తెలియని మన చరిత్ర" యను గ్రంథమును ప్రకటించిరి. 2018లో వచ్చిన "కేరాఫ్ కంచరపాలెం" చలనచిత్రమున ఈ పేటవారే పలువురు నటించిరి. అది కల్పితకథ, వారి నిజకథ లింకను ఇండ్లలోనే యున్నవి.

మహిళామండలులు, పొదుపుసంఘములు నెలకొక వృద్ధురాలి యొద్ద కూర్చుండవలయును. ఆమె యనుమతి పొంది, ఆమె పలుకుబడిని మార్చక వ్రాసికొని, తిరిగి చదివి వినిపింపవలయును. ఆమె వలదన్న మాటను తీసివేయవలయును. పాత ఫోటోల వెనుక పేర్లు పెన్సిలుతో వ్రాయవలయును. ఒక ప్రతిని ఆమె యింటను, మఱియొకటి గ్రంథాలయమునను ఉంచవలయును.

నేటి సాయంకాలము పనులు తీరిన పిదప, మొదట మీ యింటి పెద్దావిడనే యడుగుడు.