అమ్మాయిని లేడీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళేటప్పుడు



"పెళ్ళికాని పిల్లకి లేడీ డాక్టరేమిటమ్మా?" మూడేళ్ళ కిందట మా తాడేపల్లిలో పక్కింటి పిన్నిగారు నన్నడిగిన మాట ఇది. అప్పుడు మా అమ్మాయి పదో తరగతి. నెలనెలా కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయేది. రెండేసి రోజులు బడి మానేసేది. ఆడపుట్టుక పుట్టాక తప్పుతుందా అని నేనూ వాము కషాయంతో సరిపెట్టాను. చివరికి బ్యారేజీ దాటి బెజవాడ తీసుకెళ్ళాను.

డాక్టరుగారు అడిగినవాటికి జవాబులన్నీ నేనే చెప్పేస్తున్నాను. పిల్ల తల వంచుకు కూర్చుంది. ఆవిడ నవ్వి, "మీరు కాస్త బయట కూర్చోండమ్మా, అమ్మాయితో మాట్లాడాలి" అన్నారు. నిజం చెప్పొద్దూ, నాకు రోషం వచ్చింది. కన్నతల్లికి తెలియని రహస్యమేముంటుంది?

పది నిమిషాలకు పిలిచారు. అమ్మాయి నాకు తెలియకుండా మందుల షాపులో నొప్పి మాత్రలు కొనుక్కుని, ఖాళీ కడుపున రోజుకు నాలుగైదు మింగుతోందట! నేను చెప్పిన జవాబులన్నిటిలోనూ ఆ ఒక్క ముక్క లేదు. అమ్మాయి సరేనన్నాకే ఆ సంగతి నాకు చెప్పారు. ఇంకేం మాట్లాడుకున్నారో ఈనాటికీ నాకు తెలియదు. నేను అడగలేదు.

ఇంతకీ ఎప్పుడు చూపించాలి? పదిహేనేళ్ళు నిండినా పెద్దమనిషి కాకపోతే, మూడు నెలలు దాటినా నెలసరి రాకపోతే, ఏడు రోజులకు మించి కనిపిస్తుంటే, గంట రెండు గంటలకే ప్యాడు తడిసిపోతుంటే, నొప్పితో బడి మానవలసి వస్తుంటే ఆలస్యం చెయ్యకూడదు. మొదటి రెండు మూడేళ్ళు 21 నుంచి 45 రోజులలోపు ఎప్పుడు వచ్చినా సాధారణంగా కంగారు పడనక్కర్లేదు.

వెళ్ళేముందు తేదీలూ, వాడిన మందులూ ఒక కాగితం మీద అమ్మాయి చేతనే రాయించండి. అక్కడ ఏం జరుగుతుందో ముందే చెప్పండి. పిల్లలకు అసలు భయం తెర వెనుక ఏం చేస్తారోనని. ఈ వయసువాళ్ళకు లోపలి పరీక్ష సాధారణంగా అవసరముండదు. స్కానింగు పొట్టమీద నుంచే తీస్తారు. అందుకు నీళ్ళు తాగి మూత్రం ఆపుకోవాలి, అంతే. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత అన్నమాట. పరీక్ష చేసేటప్పుడు తల్లి పక్కన ఉండాలా, అక్కర్లేదా అన్నది అమ్మాయి ఇష్టం.

మరి డాక్టర్లు పిల్లల మాట దాచవచ్చునా? రోగి రహస్యం బయటపెట్టకూడదని 2002 నాటి వైద్యమండలి నిబంధనలు చెబుతున్నాయి. అయితే దానికీ హద్దులున్నాయి. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లకు వైద్యం చెయ్యాలంటే మామూలుగా పెద్దల అంగీకారం కావాలి. ప్రాణానికి ముప్పుంటే తల్లిదండ్రులకు చెప్పక తప్పదు. పిల్లమీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేసి తీరాలి. ఈ సంగతులు అమ్మాయికి ముందే చెప్పండి.

ఇంకో మాట. రహస్యం డాక్టరు గదిలోనే కాదు, ఇంట్లోనూ ఉండాలి సుమా! తిరిగిరాగానే అక్కకూ వదినకూ ఫోనులు చేసి చెప్పెయ్యకండి. వాళ్ళ నాన్నగారికి ఎంతవరకు చెప్పాలో కూడా అమ్మాయినే అడగండి.

మగ డాక్టరుకు చూపించుకోలేక మన ఆడవాళ్ళు బాధ దిగమింగుకునే రోజుల్లో, 1883లో అన్నా కుగ్లర్ అనే అమెరికా డాక్టరమ్మ గుంటూరు వచ్చారు. 1898లో ఆడవాళ్ళ కోసం ఆస్పత్రి తెరిచారు. ఆనాటి సిగ్గు పరాయి మగవాడి ముందు. ఈనాటి మన పిల్లల సిగ్గు మన ముందే! దానికి మందు మన చేతిలోనే ఉంది. తోడు వెళ్దాం. గుమ్మందాకా వెళ్దాం. ఆ పది నిమిషాలు మాత్రం బయట బల్లమీద కూర్చుందాం.