రవ్వ ఉందా, లేదా?

సూరత్ నగరానికి దక్షిణాన ఉన్న ఉధ్నా పారిశ్రామిక వాడలో మరమగ్గాల చప్పుడు రేయింబవళ్లు వినిపిస్తూనే ఉంటుంది. సిరిసిల్లలో వీటినే సాంచాలంటారు. తెలంగాణ జిల్లాలనుండి తరలివెళ్లిన తెలుగు నేత కుటుంబాలు సూరత్‌లో అనేకం. నేసిన మీటర్ల లెక్కన కూలి ముట్టేవారికి కాలమే ధనం. షిఫ్టు మారే వేళ, రాత్రంతా వానలో నానిన బండి ఎంత తన్నినా పలకకపోతే ఆ ఆలస్యం కూలిలో కోతగా తేలుతుంది.

అట్టి సమయంలో చాలామంది ఆగకుండా కిక్కు కొడుతూ పోతారు. దానివల్ల ప్లగ్గు పెట్రోలుతో మరింత తడుస్తుందే తప్ప ఫలితం ఉండదు. ఇంజను నడవడానికి మూడు కావాలి: గాలి కలిసిన పెట్రోలు, దానిని అదిమే కంప్రెషన్, సరియైన క్షణంలో వెలిగించే విద్యుత్ రవ్వ. వీటిలో ఇంటివద్దనే సులువుగా తేల్చుకోగలిగినది మూడవది.

ప్లగ్గు కొనన ఉండే సందు సాధారణంగా ఒక మిల్లీమీటరుకు లోపే. అయినా 12 వోల్టుల విద్యుత్తు దానిని దాటలేదు. ఇగ్నిషన్ కాయిల్ ఆ శక్తిని వేలాది వోల్టులకు పెంచినప్పుడే రవ్వ దూకుతుంది. 1902లో జర్మనీలోని బాష్ సంస్థ ఇంజనీరు గాట్‌లాబ్ హోనోల్డ్ హైవోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన ప్లగ్గును రూపొందించాడు. నేటి బండ్లలోనూ రవ్వ పుట్టే సూత్రం అదే.

పరీక్షించే విధానం

ఈ పరీక్ష కార్బురేటరు, ఒకే ప్లగ్గు గల బండ్లకు మాత్రమే. పెట్రోలును ఇంజెక్టరు చిమ్మే కొత్త బండ్లను, సి.ఎన్.జి. ఆటోలను మెకానిక్కుకు వదలడమే క్షేమం.

మొదట ప్లగ్గు క్యాపును, తీగను పొడిగుడ్డతో తుడవండి. తడి వెంట విద్యుత్తు దారి మళ్లుతుంది. అనేక బండ్లకు ఈ వైద్యమే చాలు. అప్పటికీ పలకకపోతే బండిని ఆరుబయట నీడలో, న్యూట్రల్‌లో నిలిపి, పెట్రోలు కాక్ మూయండి. పెట్రోలు కారుతున్నా, వాసన గుప్పుమంటున్నా ఈ పని తలపెట్టవద్దు.

పాత ప్లగ్గును విప్పకండి. దాని రంధ్రం తెరుచుకుంటే పెట్రోలు ఆవిరి బయటికి వస్తుంది. పక్కనే రవ్వ పుడితే మంటే. క్యాపును మాత్రం ఊడదీసి, అదే రకం కొత్త ప్లగ్గుకు తొడగండి. కొత్త ప్లగ్గు మరలకు రాగితీగ చుట్టి, రెండవ కొసను ఇంజను బోల్టుకు గట్టిగా బిగించండి. తాళంచెవి తిప్పి, కిల్ స్విచ్చి సరిగా ఉన్నదో లేదో చూసి, కిక్కు కొట్టండి. ప్లగ్గును గాని, తీగను గాని చేత్తో పట్టుకోరాదు. గుండెకు పేస్‌మేకర్ అమర్చుకున్నవారు దూరంగా ఉండాలి.

రవ్వ చెప్పే సంగతి

చిటచిటమంటూ నీలి రవ్వ దూకితే కాయిల్, తీగలు బాగున్నట్లే. తాళం తీసి, పాత ప్లగ్గు స్థానంలో కొత్తది బిగించండి. బండి కదిలితే లోపం పాత ప్లగ్గుదే. కదలకపోతే పెట్రోలునో, కంప్రెషన్‌నో అనుమానించాలి. సన్నగా, పచ్చగా మినుకుమినుకుమంటే రవ్వ బలహీనమైనదన్నమాట. సిలిండరులో అదిమిన గాలిని దాటడానికి మరింత వోల్టేజి కావాలి గనుక బయట మెరిసినది లోపల ఆరిపోవచ్చు. అసలు రవ్వే లేకపోతే స్విచ్చి, క్యాపు, తీగ, కాయిల్ వరుసగా చూడవలసినవి.

వరదలో మునిగిన బండి సంగతి వేరు. 2006 ఆగస్టులో తాపీ నది పొంగి సూరత్‌ను ముంచెత్తినప్పుడు అసంఖ్యాకంగా వాహనాలు నీటిపాలయ్యాయి. అట్టి బండికి కిక్కు కొట్టనే కూడదు. గాలి అణగుతుంది గాని, నీరు అణగదు. సిలిండరులో నీరుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోగలదు.

రవ్వను పరీక్షించినవాడు మెకానిక్కు కాడు. కాని "రవ్వ బాగుంది, పెట్రోలు దారి చూడు" అని చెప్పగలిగినవాడికి అక్కరలేని కాయిల్ కొనే పని తప్పుతుంది. రెక్కాడితే గాని డొక్కాడని ఇంట అది చిన్న లాభం కాదు.