వాడకం లెక్క తేలితేనే బిల్లు న్యాయం

కైకలూరు రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరేటర్లు తిరిగినంతే కరెంటు బిల్లు వస్తుంది. నీటిలో ఆక్సిజన్‌ను ఫోన్‌లో చూపించే యాప్‌కూ అలాంటి మీటరే ఉండాలి. 2022 నవంబరులో హైదరాబాద్‌లో డేటా సెంటర్లు తెరిచిన అమెజాన్ వెబ్ సర్వీసెస్ వంటి, యాప్‌లకు సర్వర్లు అద్దెకిచ్చే సంస్థలు సర్వర్ నడిచిన సమయానికీ, దాచిన డేటాకూ కలిపి యాప్ యజమానికి బిల్లు వేస్తాయి. ఏ రైతు వాటా ఎంతో అందులో ఉండదు. అది తేలాలంటే యాప్‌కు వచ్చే ప్రతి రీడింగుకూ రైతు ఖాతా నంబరు తగిలించి నమోదు చేయాలి. లేకపోతే నిమిషానికోసారి రీడింగులు పంపే పెద్ద చెరువుల ఖర్చు, రోజుకోసారి చూసుకునే చిన్న రైతు మీద పడుతుంది.

ఈ లెక్కకూ ఖర్చవుతుందని, నెలనెలా మారే బిల్లు రైతును బెదరగొడుతుందని అంటారు. నిజమే. అందుకే వాడకాన్ని గంటకోసారి కూడితే చాలు. కొంత వాడకం ఉచితంగా ఇచ్చి, పరిమితి దగ్గరపడగానే మెసేజ్ పంపాలి. యాప్‌కు డబ్బు కట్టేముందు రైతులు ఈ లెక్క అడగాలి.