నార్వే తీరమున నౌకాయాత్ర

విహారయాత్రకు పోయి వచ్చినవారు తాము చూచినదంతయు అద్భుతమే యని చెప్పుట లోకములో పరిపాటి. వెచ్చించిన ధనము వ్యర్థమైనదని ఒప్పుకొనుటకు ఎవరికిని మనసు రాదు. అందువలన వారి మాటలలో కొండశిఖరములుండును గాని, వానిని కప్పివేసిన మబ్బులుండవు. సముద్రపు సొగసుండును గాని, తల తిరిగి మంచము పట్టిన పూట యుండదు. యూరపు ఖండమున ఉత్తరపు కొసనున్న నార్వే తీరమున ఓడ ప్రయాణము చేయుటకు ఏటేట లక్షలకొలది జనులు పోవుచున్నారు. వారిలో ఉన్నదున్నట్లు చెప్పు ప్రయాణికుడు ఒకడున్నచో, అతడు ఏమి చెప్పును? దీనిని తెలిసికొనుటకు ముందుగా ఆ తీరమెట్టిదో, ఆ ఓడ యెందులకు పుట్టినదో తెలిసికొనవలయును.

నార్వే దేశపటమును చూచినచో దాని పడమటి తీరము చిరిగిన వస్త్రపు అంచువలె కనబడును. పూర్వము మంచుయుగములలో హిమానీనదములు కొండలను మిక్కిలి లోతుగా తొలిచినవి. ఆ మంచు కరగిపోయిన పిదప సముద్రజలము ఆ లోయలలో ప్రవేశించినది. ఇట్లేర్పడిన ఇరుకైన సముద్రపు పాయలను ఫియర్డులందురు. వీనిలో పెద్దదియగు సోగ్నె ఫియర్డు 200 కిలోమీటర్లకు మించిన పొడవును, 1,300 మీటర్ల లోతును గలది. పాపికొండల నడుమ గోదావరి ఇరుకై పారుటను చూచినవారు ఈ దృశ్యమును కొంతవరకు ఊహింపగలరు. అయితే అక్కడ ఉన్నది నది. ఇక్కడ ఉన్నది సముద్రము. ఇట్టి తీరమున ఒక ఊరినుండి మరియొక ఊరికి కొండలమీదుగా బాట వేయుట మిక్కిలి కష్టము. అందుచేత ఆ దేశపువారికి తరతరములుగా సముద్రమే రాజమార్గము. నార్వే యను పేరునకే ఉత్తరపు దారి యని అర్థము.

ఆ రాజమార్గము సైతము చాలకాలము సుగమముగా లేదు. పందొమ్మిదవ శతాబ్దమున ట్రోండ్‌హైమ్ పట్టణమునుండి ఉత్తరముననున్న హామర్‌ఫెస్టునకు పంపిన జాబు వేసవిలో మూడు వారములకు చేరుచుండెను. శీతకాలములో అయిదు నెలలు పట్టుటయు కలదు. శీతకాలమున అక్కడ పగలు కూడ చీకటిగా నుండును. తీరమంతట నీటిలో దాగిన బండలు కలవు. దారి చూపు దీపస్తంభములు ఆనాడు కొద్దిగా నుండెను. అట్టి చోట రాత్రియు పగలును ఆగక ఓడ నడపుట అసాధ్యమని పలువురు ఓడల యజమానులు తలచిరి. రిచర్డ్ విత్ అను నావికుడు మాత్రము అది సాధ్యమే యని నమ్మెను. ఓడకు దారి చూపుటలో ఆరితేరిన ఆండర్స్ హోల్టెతో గూడి ఆయన ప్రతి ప్రయాణమునందును దిక్సూచి చూపిన దిక్కును, ఓడ వేగమును, పట్టిన కాలమును వ్రాసి యుంచెను. ఈ లెక్కలు చేతనున్నచో, కన్ను కానని చీకటిలో సైతము దిక్సూచిని, గడియారమును నమ్మి ఓడ నడపవచ్చునని ఆయన నిశ్చయము. 1893వ సంవత్సరము జూలై 2వ తేదీ ఉదయమున వెస్టెరాలెన్ అను పొగయోడ ట్రోండ్‌హైమ్ రేవును విడిచి, 67 గంటలలో హామర్‌ఫెస్టు చేరెను. నాటినుండి ఉత్తరతీరవాసులకు జాబులును, సరకులును, వైద్యునికొరకు పోవు రోగులును నమ్మదగిన దారి యొకటి ఏర్పడెను.

ఆ మార్గము నేటికిని నడచుచున్నది. దక్షిణమున బెర్గెన్ పట్టణమునుండి ఉత్తరమున రష్యా సరిహద్దు సమీపముననున్న కిర్కెనెస్ వరకు 34 రేవులలో ఓడలు ఆగును. పోయి వచ్చుటకు సుమారు 12 దినములు పట్టును. 2021వ సంవత్సరమునుండి రెండు సంస్థల ఓడలు వంతులవారీగా నడచుచున్నవి. ఇవి కేవలము విహారనౌకలు కావు. ప్రతి రేవునందును సరకులు దించుట, ఎక్కించుట జరుగును. ఒక ఊరినుండి ప్రక్క ఊరికి పోవు తీరవాసులు ఎక్కి దిగుచుందురు. నాట్యశాలలు, జూదశాలలు ఉండునని ఆశించి ఎక్కినవారు నిరాశ చెందుదురు. కొన్ని రేవులలో ఓడ పావుగంటకు మించి నిలువదు. కొన్నింటికి అర్ధరాత్రివేళ చేరును. అప్పుడు సరకులు దించు చప్పుడునకు నిద్ర చెడును. అయినను పోవునప్పుడు రాత్రివేళ దాటిన రేవులలో పెక్కింటిని వచ్చునప్పుడు పగటివేళ చూడవచ్చును.

ఉన్నదున్నట్లు చెప్పు ప్రయాణికుడు మొదట చెప్పవలసినది వాన సంగతి. బయలుదేరు పట్టణమగు బెర్గెన్‌లో ఏటేట రెండు మీటర్లకు మించి వర్షము కురియును. అట్లాంటికు మహాసముద్రముమీదుగా వచ్చు తేమగాలులు పట్టణము చుట్టునున్న కొండలకు తగిలి వర్షించుటయే దీనికి కారణము. చిత్రపటములలో నీలాకాశము చూచి వచ్చినవాడు మొదటి మూడు దినములు బూడిదరంగు మబ్బును తప్ప వేరొకటి చూడకపోవచ్చును. కాని ఆ గాలులు తేమతోపాటు వెచ్చదనమును కూడ తెచ్చుచున్నవి. గల్ఫ్ స్ట్రీమ్ అను ఉష్ణప్రవాహము నుండి వచ్చు వెచ్చని నీరు ఆ తీరమువెంట ఉత్తరమునకు పారుచున్నది. అందువలననే 70 డిగ్రీల అక్షాంశమునకు ఆవలనున్న హామర్‌ఫెస్టు రేవు నడిశీతకాలమునందును గడ్డకట్టదు. అదే అక్షాంశమున గ్రీన్‌లాండు తీరపు సముద్రము శీతకాలమున గడ్డకట్టియుండును. వాన కురిపించు పడమటిగాలియు, వెచ్చని ప్రవాహమును లేనిచో ఆ తీరమున అన్ని ఊళ్ళు ఉండెడివి కావు. సంవత్సరమంతయు నడచు ఓడయు ఉండెడిది కాదు.

బెర్గెన్‌కు ఉత్తరమున ఆలెసుండ్ అను రేవుపట్టణము కలదు. 1904వ సంవత్సరము జనవరి 23వ తేదీ వేకువన అక్కడ నిప్పు రగిలి, పెనుగాలికి ఊరంతయు వ్యాపించెను. సుమారు 850 ఇండ్లు కాలిపోయెను. పదివేలమంది నిలువనీడ లేనివారైరి. కొన్నేండ్లలోనే పట్టణవాసులు కొయ్యకు బదులు రాతితోను ఇటుకతోను, పూలతీగల చెక్కడములతోను క్రొత్త పట్టణమును కట్టుకొనిరి. నేడు ప్రయాణికులు ముచ్చటపడి చూచు సొగసైన వీధులు ఆ అగ్నిప్రమాదమునకు పిదప పుట్టినవే.

దానికి సమీపమునగల గైరాంగర్ ఫియర్డు ఈ యాత్రలో మిక్కిలి పేరుపొందిన చోటు. సుమారు 15 కిలోమీటర్ల పొడవుగల ఆ పాయకు ఇరువైపుల నిట్టనిలువు కొండలు కలవు. ఏడుగురు అక్కచెల్లెండ్రు అను పేరుగల జలపాతములు ఒకదాని ప్రక్కన ఒకటి దుముకుచుండును. ఐక్యరాజ్యసమితికి చెందిన యునెస్కో సంస్థ 2005వ సంవత్సరమున ఈ ఫియర్డును ప్రపంచ వారసత్వస్థలముగా గుర్తించినది. ఇచ్చటను మంచిచెడ్డలు రెండును కలవు. కొండలమీది మంచు కరగు కాలమున జలపాతములు నిండుగా నుండును. వేసవి చివరకు అవి సన్నని దారములగును. ఒడ్డుననున్న ఊరిలో నివసించువారు కొన్ని వందలమంది మాత్రమే. వేసవిలో పెద్ద విహారనౌకలు వచ్చిన దినమున వేలకొలది జనులు ఒక్కసారిగా దిగుదురు. గాలి వీవని దినములలో ఓడల పొగ ఎత్తైన కొండల నడుమ చిక్కుకొని నీలపుతెరవలె నిలిచిపోవును. ప్రకృతిని చూడవచ్చినవారే దానిని పాడుచేయుచున్నారన్న బాధ స్థానికులలో కలిగెను. 2018వ సంవత్సరమున నార్వే పార్లమెంటు, ప్రపంచ వారసత్వ ఫియర్డులలో విహారనౌకలు పొగ విడువరాదని తీర్మానించెను. ఈ నియమము 2026వ సంవత్సరమునుండి చిన్న ఓడలకు వర్తించుచున్నది. పెద్ద ఓడలకు 2032వ సంవత్సరమువరకు గడువు ఈయబడినది. తీరమార్గమున నడచు హవీలా కాస్టర్ అను ఓడ 2022వ సంవత్సరమున బ్యాటరీల విద్యుచ్ఛక్తితో, పొగ విడువక ఈ ఫియర్డులో ప్రయాణించెను.

ట్రోండ్‌హైమ్ దాటిన మరునాడు ఓడ ఆర్కిటిక్ వృత్తమును దాటును. అచ్చట ఒక చిన్న దీవిపై లోహపు గోళమొకటి నిలుపబడినది. ఓడలో వేడుక జరుగును. కోరినవారి మెడమీద మంచుముక్కలతో గూడిన నీరు పోయుదురు. నవ్వుచు ముందునకు వచ్చినవారు కెవ్వున కేకవేసి వెనుకకు పోవుదురు. ఈ వృత్తమునకు ఉత్తరమున వేసవిలో కొన్ని దినములైనను సూర్యుడు అస్తమింపడు. భూమి తన అక్షముపై 23½ డిగ్రీలు వంగియుండుటచేత, వేసవిలో ఉత్తరధ్రువపు భాగము దినమంతయు సూర్యునికి అభిముఖముగా నుండును. నార్త్ కేప్ వద్ద మే నెల నడుమనుండి జూలై చివరివరకు సూర్యుడు క్రుంకడు. అర్ధరాత్రి సూర్యుని చూచుట మనోహరమే. కాని వెలుతురు విడువనందున పెక్కుమందికి నిద్ర పట్టదు. అంతేకాక, మబ్బు పట్టిన దినమున సూర్యుడు ఆకాశమున ఉండియు కనబడడు.

బోడొ రేవును విడిచిన పిదప ఓడ వెస్ట్ ఫియర్డు అను విశాలజలమును దాటును. ఇచ్చట దీవుల అండ లేనందున గాలి వీచినప్పుడు ఓడ విపరీతముగా ఊగును. భోజనశాలలో పళ్ళెములు జారును. ప్రయాణికులలో పలువురికి తల తిరిగి వాంతులగును. అట్టి సమయమున ఎదుట లోఫోటెన్ దీవుల కొండలు గోడకట్టినట్లు నిలిచియున్నను తలయెత్తి చూడగలవారు కొద్దిమందియే. ఆ దీవులలో శీతకాలపు చివర పట్టిన కాడ్ చేపలను ఉప్పు వేయక, జతలుగా కట్టి, కొయ్యపందిళ్ళపై గాలికి ఆరబెట్టుదురు. ఆ వాసన క్రొత్తవారికి భరింపరానిది. మధ్యయుగములో బెర్గెన్ పట్టణమునకు సంపద తెచ్చినది ఈ ఎండుచేపయే.

ప్రయాణికులలో పెక్కుమంది ముఖ్యముగా కోరి వచ్చునది నార్త్ కేప్. 307 మీటర్ల ఎత్తున సముద్రముపైకి నిలిచిన ఆ కొండకొమ్మును యూరపు ఖండపు ఉత్తరాగ్రమని చెప్పుదురు. ఇటలీ దేశపు మతాచార్యుడు ఫ్రాంచెస్కో నెగ్రి 1664వ సంవత్సరమున ఎన్నియో కష్టములకోర్చి ఇచ్చటికి వచ్చెను. నేడు హోనింగ్స్‌వోగ్ రేవునుండి బస్సులో పోవచ్చును. అయితే నిజము వేరొకటి కలదు. ఆ దీవియందే ప్రక్కనున్న మరియొక భూశిరము నార్త్ కేప్ కంటె సుమారు ఒకటిన్నర కిలోమీటరు ఉత్తరమునకు చొచ్చుకొనియున్నది. అది యెత్తు తక్కువ, బాట లేదు, నడచియే పోవలయును. కావున పేరు మాత్రము నార్త్ కేప్‌నకే దక్కినది. పొగమంచు క్రమ్మిన దినమున అంతదూరము వచ్చినవారు పది అడుగుల దూరమైనను చూడలేక, పటములు కొనుక్కొని తిరిగిపోవుదురు.

హోనింగ్స్‌వోగ్‌లో నిలిచి చూడదగినది ఒక చిన్న చర్చి. 1944వ సంవత్సరము చివర జర్మను సైన్యము వెనుకకు మరలుచు ఉత్తరనార్వేలోని ఫిన్‌మార్క్ ప్రాంతపు ఊళ్ళను తగులబెట్టెను. హామర్‌ఫెస్టు బూడిదయయ్యెను. హోనింగ్స్‌వోగ్‌లో ఆ చర్చి యొక్కటియే మిగిలెను. యుద్ధానంతరము తిరిగివచ్చినవారు మొదట అందులోనే తలదాచుకొని, క్రమముగా ఇండ్లు కట్టుకొనిరి. ఆ యుద్ధములో ఈ తీరమార్గపు ఓడలు కూడ అనేకములు మునిగిపోయి, వందలమంది మరణించిరి. అయినను ఆ మార్గమును విడిచిపెట్టలేదు. విడిచినచో ఆ ఊళ్ళు బ్రతుకవు.

శీతకాలమున పోవువారు ధ్రువజ్యోతులను కోరుదురు. సూర్యునినుండి వెలువడిన కణములు భూమి అయస్కాంతశక్తిచే ధ్రువప్రాంతములకు చేరి, వాయువులను తాకుటచే ఆ కాంతులు పుట్టును. నార్వే శాస్త్రజ్ఞుడు క్రిస్టియాన్ బిర్కెలాండ్ ఈ విషయమున విశేషముగా పరిశోధించెను. ఈ కాంతులు చీకటిలోనే కనబడును గనుక, అర్ధరాత్రి సూర్యుడును ధ్రువజ్యోతులును ఒకే యాత్రలో లభింపవు. కెమెరాలో పచ్చగా వెలుగు కాంతి పలుమారు కంటికి తెల్లని మబ్బువలెనే తోచును. రాత్రులు గడ్డకట్టు చలిలో నిలిచియు ఏమియు చూడక మరలువారు కలరు.

ఇన్ని లోటులున్న యాత్రకు జనులు ఏల పోవుచున్నారు? దృశ్యములను మాత్రమే కోరి వచ్చినవానికి మబ్బు పట్టిన ప్రతిదినమును నష్టమే. ఆ తీరపు జనులెట్లు జీవించుచున్నారో చూడవచ్చినవానికి మబ్బు అడ్డురాదు. రాత్రి రెండు గంటలకు ఓడ ఒక చిన్న రేవున ఆగును. విహారమునకు వచ్చినవారు నిద్రించుచుందురు. సరకుల పెట్టెలు దిగును. సంచులు పట్టుకొన్న వృద్ధురాలు ఒకతె దిగును. ఒడ్డున ఆమెకొరకు ఎవరో దీపము వెలిగించిన బండితో కనిపెట్టుకొనియుందురు. పావుగంటలో ఓడ కదలును. వానలో తడియుచు పై అంతస్తున నిలిచి ఆ దృశ్యమును చూచిన ప్రయాణికుడు, తాను సూర్యుని చూడలేదని చెప్పుటకు సిగ్గుపడడు. 1893వ సంవత్సరమున ఆ ఓడ యెవరికొరకు బయలుదేరెనో వారిని చూచితినని చెప్పును.