లినక్స్ వేశాక సౌండ్ రావట్లేదా? డాంగిల్ కనెక్ట్ కావట్లేదా? షాపుకు వెళ్లే ముందు ఇవి చూడండి

ఆన్‌లైన్ క్లాస్ మొదలైంది. తెర మీద లెక్చరర్ కనిపిస్తున్నారు, మాట మాత్రం వినిపించట్లేదు. లేదంటే ఉద్యోగ దరఖాస్తుకు ఇవాళే ఆఖరి రోజు, డాంగిల్ పెట్టినా నెట్ రావట్లేదు. పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసుకున్న చాలామందికి మొదట ఎదురయ్యే ఇబ్బందులు ఇవే. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి హాస్టళ్లలో ఉంటూ కోచింగ్ తీసుకునేవారికైతే ఒక్క రోజు సిస్టమ్ ఆగినా నష్టమే.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. చాలా పాత ల్యాప్‌టాప్‌లకు విండోస్ 11 అధికారికంగా రాదు. కొత్తది కొనలేనివారికి లినక్స్ మింట్, ఉబుంటు లాంటివి ఉచితంగా దొరికే దారి. అయితే సౌండ్ రాకపోగానే ‘కార్డు పోయింది’ అనుకోవద్దు. చాలాసార్లు పోయింది కార్డు కాదు, ఒక సెట్టింగ్ మాత్రమే.

అసలు ఎందుకిలా?

సౌండ్ చిప్ అయినా, మోడెమ్ అయినా పనిచేయాలంటే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ కావాలి. కొన్నింటికి ఫర్మ్‌వేర్ కూడా అవసరం. డయలప్ కాలంలో చవగ్గా అమ్మిన చాలా మోడెమ్‌లు సగం పనిని విండోస్ సాఫ్ట్‌వేర్‌కే వదిలేసేవి. వాటిని లినక్స్‌లో నడిపించడం అప్పట్లో పెద్ద తలనొప్పి. ఇప్పుడు ఎక్కువ డ్రైవర్లు లినక్స్‌లోనే ఉంటున్నాయి. మిగిలిన కొన్నింటి దగ్గరే చిక్కు.

సౌండ్ రాకపోతే ఏం చేయాలి?

ముందుగా సౌండ్ సెట్టింగ్స్‌లో ‘అవుట్‌పుట్’ చూడండి. టీవీకో మానిటర్‌కో హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టి ఉంటే సౌండ్ అటు వెళ్లిపోతుంది. స్పీకర్స్ లేదా హెడ్‌ఫోన్స్ ఎంచుకుంటే సరిపోతుంది.

అక్కడ సరిగానే ఉంటే టెర్మినల్ తెరిచి ‘ఆల్సామిక్సర్’ అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా టైప్ చేయండి. ఎఫ్6 నొక్కి మీ సౌండ్ కార్డును ఎంచుకోండి. ఏ గీత కింద అయినా ‘ఎంఎం’ అని ఉంటే అది మ్యూట్‌లో ఉన్నట్టు. దాని మీదికి వెళ్లి ‘ఎం’ నొక్కండి, పైబాణంతో వాల్యూమ్ పెంచండి.

అవుట్‌పుట్‌లో ‘డమ్మీ అవుట్‌పుట్’ ఒక్కటే కనిపిస్తే సిస్టమ్ కార్డును గుర్తించలేదని అర్థం. అప్‌డేట్లన్నీ వేసి, రీస్టార్ట్ చేసి చూడండి. అప్పటికీ రాకపోతే లినక్స్ మింట్‌లో అప్‌డేట్ మేనేజర్ నుంచే కొత్త కెర్నల్ వేసుకోవచ్చు.

డాంగిల్ పెడితే సీడీలా కనిపిస్తోందేంటి?

చాలా డాంగిళ్లు పెట్టగానే తమను తాము సీడీ డ్రైవ్‌గా చూపిస్తాయి. అందులో ఉండేది విండోస్ సాఫ్ట్‌వేర్. లినక్స్‌లో ‘యూఎస్‌బీ మోడ్‌స్విచ్’ అనే ప్రోగ్రామ్ దాన్ని మోడెమ్‌గా మారుస్తుంది. అది లేకపోతే సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో వెతికి వేసుకోండి. డాంగిల్ తీసి మళ్లీ పెట్టి, అర నిమిషం ఆగండి.

తర్వాత నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ‘మొబైల్ బ్రాడ్‌బ్యాండ్’ కనెక్షన్ చేర్చి, దేశం, కంపెనీ ఎంచుకోండి. ఏపీఎన్ అడిగితే జియోకు ‘జియోనెట్’, బీఎస్‌ఎన్‌ఎల్‌కు ‘బీఎస్‌ఎన్‌ఎల్‌నెట్’ అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ఇవ్వాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇంట్లో పడి ఉన్న 3జీ డాంగిల్‌లో జియో సిమ్ ఎంత ప్రయత్నించినా పనిచేయదు. జియోకు 3జీ నెట్‌వర్కే లేదు. ఒకే కంపెనీ సిమ్‌కు లాక్ చేసి అమ్మిన డాంగిళ్లూ ఉన్నాయి. ఈ రెండు తప్పులూ లినక్స్‌వి కావు.

వైఫై కూడా రాకపోతే?

డ్రైవర్ డౌన్‌లోడ్ చేయాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. ఈ చిక్కుముడి విప్పేది మీ జేబులోని ఫోనే. ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి ‘యూఎస్‌బీ టెథరింగ్’ ఆన్ చేయండి. చాలా ఫోన్లకు విడిగా ఏ డ్రైవర్ అక్కర్లేదు. అయితే ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్ వాడొద్దు. ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉంటే రూటర్ నుంచి ల్యాన్ కేబుల్ పెట్టినా చాలు. నెట్ వచ్చాక ‘డ్రైవర్ మేనేజర్’ తెరిస్తే మీ వైఫై చిప్‌కు డ్రైవర్ ఉందేమో అదే చూపిస్తుంది. బ్రాడ్‌కామ్ చిప్‌లున్న ల్యాప్‌టాప్‌లలో ఇది ఎక్కువగా అవసరమవుతుంది.

ఇన్‌స్టాల్ చేయకముందే తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో లినక్స్ వేసి, దాని నుంచే సిస్టమ్‌ను స్టార్ట్ చేయండి. పెన్‌డ్రైవ్‌లోని పాత ఫైళ్లు పోతాయి కాబట్టి ముందే కాపీ చేసుకోండి. ఆన్ చేస్తూనే డెల్, లెనోవోల్లో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కాలి. మీరు ‘ఇన్‌స్టాల్’ నొక్కనంత వరకు హార్డ్‌డిస్క్ జోలికి అది వెళ్లదు. అక్కడే పాట పెట్టి వినండి, వైఫై కలపండి, డాంగిల్ పెట్టి చూడండి. ఆఫీసు పనికి డిజిటల్ సంతకం టోకెన్ వాడేవారు దానికి లినక్స్ డ్రైవర్ ఉందో లేదో ముందే కనుక్కోవాలి.

మరి షాపుకు ఎప్పుడు వెళ్లాలి?

హెడ్‌ఫోన్స్‌లో సౌండ్ వచ్చి స్పీకర్లలో రాకపోతే స్పీకర్ లోపం ఉండొచ్చు. విండోస్‌లోనూ, లినక్స్‌లోనూ రెండింటిలో రాకపోతే చిప్ పోయి ఉండొచ్చు. అప్పుడైనా మదర్‌బోర్డు మార్చాలని తొందరపడొద్దు. కొన్ని వందల రూపాయలకు దొరికే యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్‌తో పని గడిచిపోతుంది.

షాపులో ‘బోర్డు పోయింది’ అంటే, పెన్‌డ్రైవ్ నుంచి స్టార్ట్ చేసి మీ ముందే చూపించమని అడగండి. డబ్బు ఇచ్చేది ఆ తర్వాతే.