ఉప్పునీటిలో ఇంజిన్: ఇనుము మేలా, అల్యూమినియం మేలా?

శ్రీ విజయపురం: అండమాన్ దీవులలోని జంగ్లీఘాట్ రేవు నుంచి చేపల వేటకు వెళ్లేవారిలో ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వచ్చిన తెలుగు మత్స్యకారులు అనేకులు ఉన్నారు. నడిసముద్రంలో ఇంజిన్ ఆగిపోతే ప్రాణాలకే ముప్పు. విడిభాగాలు సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలోని ప్రధాన భూభాగం నుంచి రావలసి ఉంటుంది. అందువలన ఇంజిన్ బ్లాక్ ఏ లోహంతో తయారైందన్న ప్రశ్నకు ఇక్కడ ప్రాధాన్యం ఎక్కువ.

పడవ లోపల బిగించే డీజిల్ ఇంజిన్ల బ్లాకులు సాధారణంగా పోత ఇనుముతోను, పడవ వెనుక తగిలించే ఔట్‌బోర్డ్ మోటార్లు అల్యూమినియం మిశ్రమలోహంతోను తయారవుతాయి.

మొదటి తేడా బరువు. ఘనపు సెంటీమీటరు పోత ఇనుము సుమారు 7.2 గ్రాములు, అల్యూమినియం 2.7 గ్రాములు తూగుతాయి. ఈ తేడా కోసమే 1969లో అమెరికాకు చెందిన షెవర్లే సంస్థ కమారో జడ్ఎల్1 కారులో 7 లీటర్ల పూర్తి అల్యూమినియం ఇంజిన్‌ను అమర్చింది. అయితే ఆ ఇంజిన్ ధరే కారు మూల ధరను మించిపోవడంతో తయారైనవి 69 మాత్రమే. నాటి శక్తిమంతమైన కార్లలో అత్యధికం ఇనుప బ్లాకులతోనే నడిచాయి.

రెండవది వేడి. అల్యూమినియం వేడిని ఇనుము కంటే దాదాపు మూడు రెట్లు వేగంగా వెలుపలికి పంపుతుంది. కానీ వ్యాకోచం సుమారు రెండింతలు. చల్లబరిచే నీటి ప్రవాహం ఆగితే అది త్వరగా వంగిపోతుంది, గాస్కెట్ దెబ్బతింటుంది. ఇనుము అధిక వేడిని కొంతవరకు తట్టుకోగలదు.

మూడవది ఉప్పు. ఇనుముపై తుప్పు పైకి కనిపిస్తుంది, కనుక ముందే జాగ్రత్తపడవచ్చు. అల్యూమినియాన్ని పలుచని ఆక్సైడ్ పొర కాపాడుతుంది. అయితే ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరను ఛేదించి లోలోపల గుంటలు పెడుతుంది. ఉక్కు బోల్టు తగిలిన చోట సముద్రపు నీరు చేరితే రెండు లోహాల మధ్య బ్యాటరీలో వలె విద్యుత్ ప్రవహించి, అల్యూమినియం కరిగిపోతుంది. దీనిని నివారించేందుకే మోటారుకు జింకు వంటి లోహపు దిమ్మను బిగిస్తారు. మోటారుకు బదులు ఆ దిమ్మ అరిగిపోతుంది. దానికి రంగు వేయరాదు, సగం అరగగానే మార్చాలి.

కనుక దూరపు వేటకు, గంటల తరబడి భారం మోసే పనికి ఇనుము అనుకూలం. ఒడ్డుకు లాగే తేలికపాటి పడవకు అల్యూమినియం అనుకూలం. అయితే వేట ముగిసిన ప్రతిసారీ ఔట్‌బోర్డ్ మోటారులో మంచినీరు పారించి ఉప్పును కడిగివేయడం తప్పనిసరి. లోహం ఏదైనా, దాని ఆయువు ఆ కొద్ది నిమిషాల శ్రద్ధపైనే ఆధారపడి ఉంటుంది.