ఉప్పుగాలి తగిలే ఇళ్లలో ప్లగ్గు పాయింట్లు

గూడూరును ఆనుకొని ఉన్న చిల్లకూరు మండలం తూర్పున బంగాళాఖాతం దాకా సాగుతుంది గనుక తీరం వైపు ఊళ్లలోని ఇళ్లకు ఉప్పుగాలి తప్పదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలకు గోడలు చెమ్మగిల్లి ఆ ఉప్పుకు తేమ తోడవుతుంది. కిటికీ చువ్వలకు పట్టిన తుప్పు అందరికీ కనిపిస్తుంది గాని, సాకెట్ వెనుక ఇత్తడి స్క్రూల మీద పచ్చగా పేరుకున్న చిలుము బోర్డు విప్పితే తప్ప కనిపించదు. 2000 వాట్ల గీజరు 230 వోల్టుల వద్ద దాదాపు 9 ఆంపియర్ల విద్యుత్తు తీసుకుంటుంది. చిలుము వల్లనో, స్క్రూ వదులు కావడం వల్లనో తీగ అతికిన చోట నిరోధం ఓంలో పదో వంతు పెరిగినా ఆవగింజంత స్థలంలో సుమారు 8 వాట్ల వేడి పుడుతుంది. విద్యుత్తు పరిమితి దాటలేదు కనుక ఎంసీబీ పడిపోదు. సాకెట్ మాత్రం గోధుమ రంగుకు తిరిగి, కమిలి, చివరకు అంటుకుంటుంది. ప్లగ్గు వేడెక్కినా, చిటపటలు వినిపించినా ఆ సాకెట్‌ను వెంటనే మార్చడమే మేలు.

సామర్థ్యం, స్వభావం మారకుండా పాత ఉపకరణం స్థానంలో అలాంటిదే బిగించడం మినహా మిగిలిన వైరింగు పనులను లైసెన్సు ఉన్నవారే చేయాలని మన విద్యుత్ భద్రతా నిబంధనలు చెబుతాయి. ఈ గీత చాలా ముఖ్యమైనది. 6 ఆంపియర్ల సాకెట్ తీసి 16 ఆంపియర్లది పెట్టినంత మాత్రాన గోడలోని సన్నని తీగ లావు కాదు. గీజరుకు, ఏసీకి కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో విడి లైను కావాలి.

పని మొదలుపెట్టే ముందు బోర్డు మీది స్విచ్ ఆపితే చాలదు. స్విచ్ ఒక తీగనే తెంచుతుంది. ఎవరో పూర్వం ఫేజ్, న్యూట్రల్ తారుమారు చేసి ఉంటే స్విచ్ ఆపినా సాకెట్‌లో కరెంటు ఉంటుంది. మెయిన్ ఆపాలి, ఇన్వర్టరు ఉంటే దాని లైను కూడా ఆపాలి, మరెవరూ వేయకుండా ఇంట్లోవారికి చెప్పాలి. టెస్టరు వెలగకపోవడం ఒక్కటే రుజువు కాదు. పొడి ప్లాస్టిక్ స్టూలు మీద నిలబడితే కరెంటు ఉన్నా అది వెలగకపోవచ్చు కాబట్టి, పనిచేస్తోందని ముందే సరిచూసుకున్న టెస్ట్ ల్యాంపుతో అన్ని తీగల మధ్యా పరీక్షించాలి.

తీగ చివర నల్లబడి ఉంటే ఆ మేర కత్తిరించి, మెరిసే రాగి కనిపించే దాకా ఒలిచి, ఒక్క పోగు కూడా బయటకు రాకుండా బిగించి, మెల్లగా లాగి చూడాలి. ఎదురుగా నిలబడి చూస్తే కుడి రంధ్రానికి ఫేజ్, ఎడమ రంధ్రానికి న్యూట్రల్, పైనున్న పెద్ద రంధ్రానికి ఎర్తు రావాలి.

పాత ఇళ్లలో ఎర్తు తీగ లేనప్పుడు ఆ పెద్ద రంధ్రాన్ని న్యూట్రల్‌కు కలిపేసే అలవాటు ఒకటుంది. ఇది ప్రాణాంతకం, ఎందుకంటే న్యూట్రల్ ఎక్కడైనా తెగితే ఫ్రిజ్ తలుపుకే 230 వోల్టులు చేరతాయి. అలాంటి ఇంట్లో కొత్త సాకెట్ కొనడానికి ముందు ఎర్తింగు వేయించి, 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే విద్యుత్తును తెంచే ఆర్‌సీసీబీ పెట్టించాలి.